కొంగు కట్టిన తెరచాప

నేను ఒక తెరచాపను.

చేపను కాదు మహాప్రభో, చాపను! మొదటి ముక్కలోనే ఇంత గట్టిగా అరవడానికి కారణం ఉంది. ఈ ఉదయం ఈ ప్రదర్శనశాల ముందు బస్సు ఆగి, కొత్తరేవు నుంచి ముప్ఫైమంది ఆడవాళ్ళు దిగారు. వాళ్ళకు అన్నీ చూపించే అమ్మాయి పేరు హిమజ. హిమజ గొంతు చిన్నది, నెత్తిమీద తిరిగే పంకా గొంతు పెద్దది. "ఆ స్తంభం వెనక నలభై ఆరేళ్ళ నాటి తెరచాప ఉందండీ" అని ఆ పిల్ల చెప్పింది. వెనక వరుసలో ఉన్న ఓ ముసలమ్మ చెవికి ఆ మాట తోక మాత్రమే అందింది.

"ఏటీ? నలభయ్యారేళ్ళ చేపా?"

"చేపేనంట. స్తంభం ఎనకాల ఎట్టారంట."

"ఓలమ్మో, కంపు కొట్టదేటే?"

"ఉప్పేసుంటార్లే."

"ఎంతుప్పేస్తే మాత్తరం! నా మొగుడు యాభయ్యేళ్ళు ఉప్పు తిన్నాడు, ఆడే నిలవలేదు!"

అంతే. ముప్ఫై ముక్కులకు ముప్ఫై కొంగులు అడ్డం పడ్డాయి. గాజుపెట్టెల వెనక, బల్లల కింద చేప కోసం గాలింపు మొదలైంది. "చేప కాదండీ" అని హిమజ మొత్తుకుంటోంది. పంకా ఆ మాటను కూడా మింగేస్తోంది. వాళ్ళు ఈ స్తంభం దాటి నా ముందుకు వచ్చేలోపు నా కథ చెప్పేస్తాను, కూర్చోండి. కాస్త గాలి ఆడనివ్వండి. గాలి లేకపోతే నాకు నోరు లేవదు.

తెర అంటే దించడానికి, చాప అంటే పరవడానికి. ఆ రెండు పేర్లూ కలిపి నాకు తగిలించి, చివరికి నన్ను ఎత్తడానికి వాడారు. అక్కడే మొదలైంది నా గర్వం. "గాలివాటం మనిషి" అని మీరు తిట్టుకుంటారే, అది నా వృత్తి నైపుణ్యం. "చాప కింద నీరు" అని సామెత చెబుతారే, నా కింద నీరు కాక ఏముంటుంది? బంగాళాఖాతమంతా నా కిందే!

సూరాడ ఎల్లాజీకి పెళ్ళి కుదిరిన ఏడే సొంత పడవ కూడా కుదిరింది. ఎల్లాజీ, వాళ్ళయ్య ముతక నూలు గుడ్డ తెచ్చుకుని, కొత్తరేవు ఇసకలో కూర్చుని, పదకొండు రోజులు చేత్తో కుడితే మూడు మూలలతో నేను తేలాను. ఆపైన ఉప్పుగాలికి కుళ్ళకుండా తుమ్మచెక్క మరిగించిన నీళ్ళలో రెండు రోజులు నానబెట్టారు. తెల్లగా మునిగి, ఎర్రగా లేచాను. సిగ్గుతో కాదు, చెక్కతో. ఇరవయ్యేళ్ళు చదువులో నానినా రంగు పట్టనివాళ్ళను తరువాత చాలామందిని చూశాను. నాకు మాత్రం రెండు రోజుల్లో పట్టింది.

అసలు సంగతి దాని తరువాతే ఉంది. కొత్తరేవులో ఓ కట్టుబాటు. పడవవాడి పెళ్ళాం తన పెళ్ళిచీర కొంగులోంచి ఓ ముక్క కోసి, తెరచాప పైమూలన తన చేత్తోనే కుట్టాలి. ఆ ముక్కను కొంగు అనే పిలుస్తారు. ఎల్లాజీ పెళ్ళాం దేశమ్మ అప్పటికి అత్తారింటికి వచ్చి తొమ్మిది రోజులు. పసుపుపచ్చ చీర. "జానెడు చాలే" అంది అత్త. "దూరం నుంచి అగుపడొద్దేటి?" అని దేశమ్మ మూరెడు కోసింది. ఆ కొలత చూసే నాకు ఆ పిల్ల మీద గౌరవం పుట్టింది.

కొంగు పైన రెపరెపలాడుతుంటే పడవ క్షేమం. నడిసముద్రంలో ఆపద వస్తే తెరచాపను గెడ నుంచి విప్పి, తలకిందులుగా కట్టి ఎత్తుతారు. కొంగు కిందికి దిగుతుంది. అంటే పడవ కొంగు చాచి అడిగినట్టు. ఆడది కొంగు చాస్తే కాదనకూడదు. చూసిన ప్రతి పడవా చేతిలో పని చేతిలోనే వదిలేసి రావాలి. దీనికి తోడు ఇంకో కట్టుబాటు ఉంది. ఆపద లేకుండా కొంగు దించితే ఆ తెరచాపను ఒడ్డున తగలబెట్టాలి. అబద్ధమాడే నాలుకలకు లేని శిక్ష, నాలుకే లేని గుడ్డకు! మనుషుల న్యాయం గురించి ఇంతకంటే మాట్లాడను. బీపీ పెరిగితే కుట్లు విడిపోతాయి.

పదిహేనేళ్ళు గాలి తిన్నాను. రెండు తుఫానులు చూశాను, కొంగు ఒక్కసారి కూడా దిగలేదు. ఆ తరువాత ఇంజన్లు వచ్చాయి.

వాటి గురించి నా అభిప్రాయం అడక్కండి. చమురు తాగేవాళ్ళకు చమత్కారం ఎక్కడిది? పొద్దస్తమానం దగ్గడమే. కానీ చేపల గుంపు దగ్గరికి ముందుగా చేరేది వాళ్ళే. రెండేళ్ళలో కొత్తరేవు తెరచాపలన్నీ దిగిపోయాయి. ఎల్లాజీకి ఇంజను పెట్టే తాహతు లేక, తన పడవను ఇసకలో బోర్లా తిప్పేసి, పరాయివాడి ఇంజను పడవలో వల లాగే మనిషిగా చేరాడు. సొంత పడవ మీద నిలబడి చుక్కాని పట్టినవాడు, పరాయి పడవలో మూలన కూర్చుని బీడీ పట్టాడు. నన్నేమో దేశమ్మ ఇసకలో పరిచి చేపలు ఎండబెట్టింది. చూశారా, చాప మీద చేప! స్తంభం అవతలున్న ఆ ముసలమ్మ పూర్తిగా తప్పు వినలేదు పాపం, నా బతుకులో ఆ అధ్యాయమూ ఉంది.

ఆ రోజుల్లోనే దేశమ్మ తమ్ముడు సన్యాసి పోయాడు. కొత్త ఇంజను పడవ. నడిసముద్రంలో ఇంజను ఆగింది. తెరచాప ఉంటే ఒడ్డుకు వచ్చేవాడు, కొంగు ఉంటే అడిగేవాడు. రెండూ లేవు. తెడ్డుకు చొక్కా కట్టి ఊపాడట. దూరాన పోతున్న పడవలవాళ్ళు చూశారు కూడా. చొక్కా ఆరేసుకున్నాడనుకున్నారు. నాలుగోనాడు ఖాళీ పడవ దొరికింది. దేశమ్మ ఆ రోజు నా మీద చేపలు తీసేసి, కడిగి, మడిచి, అటక మీద పెట్టింది. మళ్ళీ నా మీద ఒక్క చేప ఆరబెట్టలేదు.

అటక మీద మూడేళ్ళున్నాను. నన్ను దింపినవాడు కొల్లూరి విశ్వపతి, విశాఖపట్నంలో పళ్ళ డాక్టరు. "పళ్ళ డాక్టరొచ్చాడు" అంటే ఊళ్ళో ఒకాయన తన మామిడిచెట్టుకు పిందె రాలిపోతోందని చెప్పుకోవడానికి వచ్చాడు, అది వేరే సంగతి. ఈ విశ్వపతికి ఓ పిచ్చి. వారమంతా జనం నోళ్ళలోకి చూస్తాడు కదా, శని ఆదివారాలు మాత్రం మనిషి నోరు కనబడని చోటుకి పోవాలి. అలాంటి చోటు కొత్తరేవుకి మూడు మైళ్ళ దూరాన సముద్రంలో ఉంది, గువ్వలదిబ్బ. నల్లరాయి, తెల్ల ఇసక, తాగడానికి చుక్క నీరు లేదు, నిలబడడానికి చెట్టునీడ లేదు. దీవించడానికి దేవుడైనా లేని దీవి. ఉన్నవల్లా వేలకొద్దీ సముద్రపు గువ్వలు, రాళ్ళ మీద వాటి గుడ్లు. ఇంజను చప్పుడైతే గువ్వలన్నీ ఒక్కసారి లేచిపోతాయి, గుడ్లు ఎండకు ఉడికిపోతాయి.

"చప్పుడు లేకుండా తీసుకెళ్ళేవాళ్ళు ఎవరైనా ఉన్నారా?" అని డాక్టరు ఊరంతా అడిగాడు. ఊరంతా బోర్లాపడ్డ ఓ పడవను చూపించింది.

ఎల్లాజీ అటక ఎక్కాడు. నన్ను దించి, దులిపి, కొంగు మీద చెయ్యి పెట్టి, పెళ్ళాం వైపు చూశాడు.

"ఏల చూస్తావు మావా? ఎల్లాలనుంటే ఎల్లు" అంది దేశమ్మ. "గానీ ఆదోరం మద్దేనానికి ఒడ్డున నించుంటాను. కొంగు పైన అగుపడాల. అగుపడకపోతే ఇంకో శనోరం లేదు."

అలా మొదలయ్యాయి మా శనివారాలు. మొదటి రోజు డాక్టరు నెత్తిన తెల్లటి కెప్టెన్ టోపీ ఉంది. జనానికి టోపీలు పెట్టేవాళ్ళను చూశాను గానీ, తనకు తానే పెట్టుకున్నవాణ్ణి అప్పుడే చూశాను. అందుకే మంచివాడనుకున్నాను. రేవు దాటగానే టోపీ గాలికి పోయింది, మరో ఫర్లాంగుకు పొద్దుటి ఇడ్లీ సముద్రానికి నైవేద్యమైపోయింది.

"అల రాగానే బిగుసుకుపోకండి డాట్రుబాబూ, దాంతోటే ఊగాల" అన్నాడు ఎల్లాజీ.

"ఎన్నాళ్ళకి అలవాటవుతుంది?"

"అల వాటం తెలిసిన్నాడు."

రెండేళ్ళు ప్రతి శనివారం వెళ్ళాం, ప్రతి ఆదివారం వచ్చాం, వానాకాలం తప్ప. గువ్వలు లేచేవి కావు. మా నీడ వాటి మీద పడితే తల తిప్పి చూసి, "మీరేనా" అన్నట్టు మళ్ళీ పొదిగేవి. ఎల్లాజీ తన పడవ మీద తను నిలబడి చుక్కాని పట్టాడు. ఒడ్డున దేశమ్మ కళ్ళకు చెయ్యి అడ్డం పెట్టుకుని నిలబడేది. పసుపు కొంగు కనబడగానే ఏమీ చూడనట్టు వెనక్కి తిరిగి ఇంటికి పోయేది. పరాయి ఇంజన్ల వెనక కూర్చున్న మగాళ్ళు మాత్రం గొణిగేవారు. "టౌనోళ్ళతో ఎప్పుడో ఓ అపాయం వస్తాది, ఊరికి చెడ్డపేరు" అని కులపెద్ద చోడిపల్లి గురప్ప దగ్గర మొర పెట్టుకున్నారు. "ఒక్క పొరపాటు జరిగితే ఆ చాప మళ్ళీ లేవదు" అని గురప్ప మాటిచ్చాడు. అందరికీ తెలిసేలా ఇచ్చాడు.

ఆ ఒక్క పొరపాటు మూడో ఏడు మాఘమాసంలో, ఓ ఆదివారం పొద్దున ఎనిమిదింటికి జరిగింది.

ఎల్లాజీ గాలి చూసి రావడానికి దిబ్బ అవతలికి వెళ్ళాడు. డాక్టరుకు ఓ ఆలోచన వచ్చింది. మీరు గమనించారో లేదో, మనిషికి పని సగం తెలిసినప్పుడు వచ్చే ఆలోచన అంత ప్రమాదం ఇంకోటి లేదు. "ఎల్లాజీ వచ్చేసరికి తెరచాప కట్టి ఎత్తేసి ఉంచుతాను, ఆశ్చర్యపోవాలి" అని వెంట వచ్చిన ఇద్దరు స్నేహితులతో అన్నాడు. మడత విప్పాడు, గెడకు కట్టాడు. ముడులు బాగా వేశాడు, పళ్ళకు తీగ కట్టే వేళ్ళు కదా! మూలలే తారుమారు చేశాడు. తాడు లాగాడు. నేను లేచాను. తలకిందులుగా.

పదిహేనేళ్ళూ, ఆపైన రెండేళ్ళూ దిగని కొంగు దిగింది.

నేను అరిచాను. గుడ్డ అరిస్తే ఎవరికి వినబడుతుంది? "పసుపు ముక్క కింద కూడా బాగుందిరా" అని డాక్టరు నడుం మీద చేతులు పెట్టుకుని మెచ్చుకున్నాడు. తరువాత ఉప్మా పొట్లం విప్పాడు.

ఆ పొద్దున కొత్తరేవు పడవలు పందొమ్మిది, రేవుకీ దిబ్బకీ మధ్య వలలేసుకుని ఉన్నాయి. ఆ ఏడు మొదటిసారి వంజరం చేపలు గుంపుగా దొరికిన రోజు. మా దగ్గరలో ఉన్నది వాసుపల్లి కొర్లయ్య పడవ. అతను తల ఎత్తాడు, నన్ను చూశాడు. వల లాగడానికి గంట పడుతుంది. అతను లాగలేదు. కత్తి తీసి వల తాడు కోసేశాడు. అతని పడవ తిరగడం చూసి రెండోది తిరిగింది, రెండో దాన్ని చూసి మూడోది. తాళ్ళు కోస్తున్నారు, వస్తున్నారు. గువ్వలన్నీ ఒక్కసారిగా లేచి ఆకాశం మూసేశాయి. పందొమ్మిది ఇంజన్లు గువ్వలదిబ్బ చుట్టూ దగ్గాయి.

"ఎవులు పోయారు?" అని కొర్లయ్య నడుములోతు నీళ్ళలోకి దూకుతూ అరిచాడు.

డాక్టరు పొట్లంతో లేచి నిలబడ్డాడు. "ఎవరూ పోలేదండీ, అందరం ఉన్నాం. ఏమైంది? రండి, ఉప్మా ఉంది…"

"ఉప్మాకేటి కొంగు దించినావు?"

అవతలి నుంచి రాళ్ళ మీద పరుగెత్తుకొచ్చిన ఎల్లాజీ, పడవలను చూశాడు, మనుషులను చూశాడు, చివరికి నన్ను చూశాడు. నన్ను దించి, విప్పి, కొంగు పైకి వచ్చేలా కట్టి, ఎత్తాడు. పందొమ్మిది పడవల మధ్య, ఖైదీలా, ఒడ్డుకు వచ్చాను.

ఇసకలో ఊరంతా కూర్చుంది. నన్ను మధ్యలో పడేశారు. గురప్ప అగ్గిపెట్టె బొడ్డులోంచి తీశాడు.

"కొంగు దిగింది. ఆపద లేదు. పందొమ్మిది వలలు సముద్రంలో ఉన్నాయి" అన్నాడు. "ఎల్లాజీ, ఏటంటావు?"

నేను కాలితే ఎల్లాజీ మళ్ళీ పరాయివాడి పడవలో మూలకు పోవాలి. అది అతనికీ తెలుసు, ఊరికీ తెలుసు. డాక్టరు కట్టాడని ఒక్క మాట అంటే నింద డాక్టరు మీదికి పోతుంది.

"నా పడవ మీద జరిగింది. నాదే" అన్నాడు ఎల్లాజీ.

"కాదండీ!" అని డాక్టరు ముందుకొచ్చాడు. అతని మొహం తుమ్మచెక్క నీళ్ళలో ముంచి తీసినట్టుంది. "కట్టింది నేను. ఆయనకు తెలియదు. నన్నేం చేసినా సరే, దాన్ని కాల్చకండి."

"నిన్ను కాలిస్తే మా వలలొస్తాయా?" అని ఎవరో అన్నారు. ఎవరూ నవ్వలేదు.

గురప్ప పుల్ల గీశాడు.

"ఆగు పెదనాన్నా" అంది దేశమ్మ.

గుంపులోంచి వచ్చి నా పక్కన కూర్చుంది. కొంగు మూలను చేతిలోకి తీసుకుని, పంటితో కుట్టు దారం కొరికింది. "చాప మీది. కాల్చుకోండి. కొంగు నాది, నా పెళ్ళిచీరది. ఇప్పి పట్టుకెళ్ళిపోతాను." రెండో కుట్టు కొరుకుతూ తల ఎత్తకుండానే, "ఒరే కొర్లయ్యా, నువ్వెందుకు ఒచ్చావు?" అంది.

"కొంగు దిగింది గదే అప్పా."

"వంజరం పడిన వల కోసేసి ఒచ్చావా?"

"మరేటి సేస్తాను?"

దేశమ్మ అతని వెనక ఉన్న ఓ పాతికేళ్ళవాడి వైపు తిరిగింది. "నువ్వు పుట్టి బుద్ధెరిగాక కొంగు దిగడం సూడనేదు. నువ్వెందుకొచ్చావు?"

"మాయమ్మ సెప్పింది, సిన్నప్పుడు. దిగితే ఎల్లాలని."

దేశమ్మ చేతులు ఆగాయి. "నా తమ్ముడు సొక్కా ఊపితే ఎవులూ రానేదు" అంది. "పాపం, మీ తప్పు కాదు. సొక్కాకి మాట నేదు. అప్పట్నుంచీ పడుకుంటే నాకొకటే దిగులు. ఇంజన్లొచ్చాక ఈ ఊరు కొంగు మర్సిపోయిందేటో, రేపు నా మొగుడు దించితే ఎవులైనా వస్తారో రారో అని. ప్రతి ఆదోరం ఒడ్డున నించున్నది అందుకే. ఇయ్యాల దిగింది. పందొమ్మిదీ ఒచ్చాయి. ఒక్కటి మిగల్నేదు." కొంగు మూల వదిలేసింది. "నా కొంగు అడిగింది, మీరొచ్చారు. ఇందులో అబద్ధం ఎక్కడుందో సూపించి కాల్చు పెదనాన్నా."

గురప్ప గీసిన మొదటి పుల్ల ఎప్పుడో ఆరిపోయింది. చేతిలో రెండో పుల్ల వేలి దాకా కాలుతోంది. ఆయన దాన్ని చూశాడు, నన్ను చూశాడు, చెవిన పెట్టుకున్న చుట్ట తీసి, ఆ పుల్లతో వెలిగించుకున్నాడు.

"అగ్గి వృథా అవ్వకూడదు గదా" అన్నాడు, పొగ వదులుతూ. అదే తీర్పు.

కొత్తరేవులో తీర్పులు పొగలా తేలిపోవు. ఆ వేసవిలో ప్రతి ఇంజను పడవలోనూ ఓ చిన్న తెరచాప, దానికో కొంగు చేరాయి. డాక్టరు ఆ వానాకాలమంతా శని ఆదివారాలు దీవికి బదులు ఇసకకు వచ్చి, కొర్లయ్య పక్కన కూర్చుని పందొమ్మిది వలలూ అల్లడంలో చెయ్యి వేశాడు. మంచి అల్లిక. "పన్ను పీకేవాడు కన్ను అల్లుతున్నాడు" అని వల కన్నులను చూసి కొర్లయ్య మెచ్చుకునేవాడు. దేశమ్మ కొరికిన రెండు కుట్లు తిరిగి కుట్టింది. చూడండి, అక్కడ దారం రంగు వేరుగా ఉంటుంది. నా ఒంటి మీద నాకు అన్నిటికంటే ఇష్టమైన చోటు అదే. ఆ పైన పన్నెండేళ్ళు గువ్వలదిబ్బకు వెళ్ళి వచ్చాను.

అయిదేళ్ళ క్రితం ఎల్లాజీ మోకాళ్ళు, నా పోగులు ఒకేసారి చేతులెత్తేశాయి. ఎల్లాజీ నన్ను స్వయంగా మడిచి ఇక్కడికి తెచ్చి, "కొంగు పైకి" అని మూడుసార్లు చెప్పి వెళ్ళాడు. వీళ్ళు మూడుసార్లు తల ఊపారు. తీరా తగిలించేటప్పుడు ఓ పెద్దమనిషి, "రంగుముక్క అంత పైన ఉంటే జనానికి కనబడదు, కళ్ళకు అందేలా కింద పెట్టండి" అన్నాడు. పెట్టారు. అయిదేళ్ళుగా నేను ఈ గోడ మీద తలకిందులుగా, కొంగు చాచి, రక్షించండి రక్షించండి అని అరుస్తూ ఉన్నాను. జనం వస్తున్నారు, నా ముందు నిలబడి ఫొటోలు తీసుకుంటున్నారు, పోతున్నారు.

అదుగో, స్తంభం దాటి ఎవరో వచ్చారు.

దేశమ్మ. జుట్టు తెల్లబడింది. నన్ను చూసి, మొదట నవ్వబోయింది. కళ్ళు కిందికి దిగాయి.

"ఓలమ్మో! కొంగు దిగింది! రండే! బేగి రండే!"

చేపను వెతుకుతున్న మిగతావాళ్ళంతా ఆ మాట వినగానే కొంగులు నడుముకు దోపి పరుగెత్తుకొచ్చారు. బల్ల ఒకటి పడింది. చెవుడున్న ముసలమ్మ అందరికంటే ముందుంది. ఆ మాట మాత్రం ఆమెకు స్పష్టంగా వినబడింది. హిమజ బిక్కచచ్చిపోయి, "ఏమైందండీ, ఎవరికేమైంది?" అంటూ వచ్చింది.

దేశమ్మ ఊపిరి తీసుకుని, అప్పుడు చెప్పింది. హిమజకు, గుమ్మంలో మూగిన కాలేజీ పిల్లలకు, టిక్కెట్ల గదిలోంచి వచ్చిన పెద్దమనిషికి, అందరికీ. కొంగు పైనుంటే ఏమిటో, కిందుంటే ఏమిటో చెప్పింది. పెద్దమనిషి నా వంక చూసి, తన కళ్ళజోడు తుడుచుకున్నాడు.

"అయితే చేప ఏదే?" అంది ముసలమ్మ.

"చేప కాదు అప్పా, చాప! మా చాప!" అని దేశమ్మ ఆమె చెవిలో అరిచింది. హాలంతా నవ్వింది.

నిచ్చెన కోసం ఎవరూ ఆగలేదు. పడిపోయిన బల్లనే లేవదీసి, నలుగురు ఆడవాళ్ళు ఎక్కి నన్ను దించారు, తిప్పారు, కట్టారు. ముడులు ఎలా వేయాలో వాళ్ళకు చెప్పక్కర్లేదు. మోకాళ్ళ నొప్పులతో బస్సులోనే ఉండిపోయిన ఎల్లాజీ అప్పటికి కర్ర పొడుచుకుంటూ గుమ్మం దాకా వచ్చాడు.

"మావా, సూడు! పైకెట్టేశాం!"

ఎల్లాజీ నా పైమూల దాకా చూశాడు. తరువాత హిమజతో, "అమ్మా, ఆ పంకా కొంచెం పెంచుతావేటి?" అన్నాడు.

హిమజ పెంచింది. పొద్దుటి నుంచి అందరి మాటలూ మింగిన పంకా, ఆ గాలంతా నా మీద కక్కింది. పంకా గాలే కావచ్చు. నేను మాత్రం నిండా పొంగాను, పసుపు కొంగు పైన రెపరెపలాడింది. దేశమ్మ కళ్ళకు చెయ్యి అడ్డం పెట్టుకుని ఒక్క క్షణం చూసి, ఏమీ చూడనట్టు వెనక్కి తిరిగింది.